ముడి పడిన అంచు

భావనారాయణ చీర కొసను కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాడు. ఎడమ చేతి బొటనవేలు మీదుగా అంచును లాగుతూ చూశాడు. జానెడు లాగి ఆగాడు. వెనక్కి లాగి అదే జానెడు మళ్ళీ చూశాడు. అంచులో రెండు నల్లగీతలు, మధ్యలో లత. గీతలు వేలు దగ్గరికి వచ్చేసరికి లోపలికి వంగుతున్నాయి. వేలు దాటాక సర్దుకుంటున్నాయి.

"వంకర," అన్నాడు.

మూడో బల్ల దగ్గర ప్రసన్న తలెత్తింది. "ఎవరిది మావయ్యా?"

"ఎవరిదేంటి, నీదే. రెండు గీతల అంచు ఇంకెవరు అద్దుతున్నారిక్కడ?"

పెడనలో ఆ షెడ్డు కలంకారీ అద్దకం షెడ్డు. లోపల ఐదు బల్లలు. టేకు చెక్క మీద చెక్కిన అచ్చును రంగుపెట్టెలో అద్ది, బల్ల మీద పరిచిన గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గుద్దుతారు. అచ్చు పక్కన అచ్చు. ఒక్కటి నూలుపోగంత జరిగినా చీర పొడవునా ఆ తేడా పెరుగుతూ పోతుంది. అందుకే అద్దిన ప్రతి చీరా ఉడకెయ్యడానికి ముందు భావనారాయణ చేతుల్లోంచి పోవాలి. ఆయన బాగుందంటే మడత పడుతుంది. బాగాలేదంటే కొసన ముడి పడుతుంది. ముడి పడిన చీర మంచివాటిలో కలవకుండా ఆ ముడితోనే ఉడుకుతుంది, ముడితోనే ఉతుక్కి పోతుంది, చివరికి సెకండ్స్ కింద తక్కువ ధరకి అమ్ముడవుతుంది. వారంలో ఒకరి చీరలకి రెండు ముళ్ళు పడితే వాళ్ళు బల్ల దిగి వేరే పనికి పోవాలి. ఈ పద్ధతి ఇప్పటి యజమాని మోహనకృష్ణ తండ్రి పెట్టాడు. ఆయన పోయినా పద్ధతి ఉంది.

ప్రసన్నకి సోమవారం ఒక ముడి పడింది. ఇది బుధవారం.

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చీర అందుకుని వెలుతురుకి పట్టింది.

"ఎక్కడ మావయ్యా?"

"ఇక్కడే. వేలు పెట్టా చూడు."

"నాకు బాగానే ఉందే."

"ఎందుకుండదు? అద్దింది నువ్వేగా."

నాలుగో బల్ల దగ్గర జయకృష్ణ నవ్వాడు. "అద్దినోళ్ళని అడిగితే బంగారం అంటారు పెద్దాయనా. నన్నడగండి, నాదీ బంగారమే అంటా."

"నువ్వు నోర్ముయ్యి జయకృష్ణా," అంది ప్రసన్న అటు తిరక్కుండానే. వెనక్కి వెళ్ళి తన బల్ల కింద నుంచి గుడ్డలు కొలిచే స్టీలు స్కేలు తీసుకొచ్చింది. "ఇది పెట్టి చూడండి మావయ్యా."

షెడ్డులో పిడికిళ్ళ చప్పుడు ఆగింది.

"నా కంటికి స్కేలు పెడతావా?"

"కంటికి కాదు, అంచుకి."

"నీకు అచ్చు పట్టుకోవడం నేర్పిందెవరు?"

"మీరే."

"అప్పుడు స్కేలు పెట్టి నేర్పానా?"

"లేదు."

"మరి?"

"పెడితే ఏం పోద్ది మావయ్యా? వంకరైతే వంకరేనని ఒప్పుకుంటా."

ఆయన స్కేలు వైపు చూడలేదు. చీర కొసను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పటికి మోహనకృష్ణ ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చాడు. చెవి దగ్గర ఫోను ఉంది. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, అంచు మీద ఒకసారి కళ్ళు తిప్పాడు.

"చేతిపని కదా బాబాయ్, కాస్త అటూ ఇటూ ఉంటది," అన్నాడు.

"ఇది కాస్త కాదు బాబూ."

"సరే. మీరు వంకరంటే వంకరే." ప్రసన్న వైపు తిరిగాడు. "రేపట్నుంచి కాలవ కాడికి వెళ్ళమ్మా. ఉతుక్కి మనిషి తక్కువగా ఉంది."

"ఎన్నాళ్ళండీ?"

"చూద్దాం."

భావనారాయణ ముడి వేశాడు. ఒకసారి తిప్పి, రెండోసారి తిప్పి, పళ్ళతో పట్టి బిగించాడు. ప్రసన్న పిడికిలికి చుట్టుకున్న గుడ్డపేలిక విప్పింది. మడిచి అచ్చు మీద పెట్టింది. స్కేలు బల్ల కిందకి తోసి, టిఫిన్ డబ్బా తీసుకుని బయటికి నడిచింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తుంటే భావనారాయణకి వీధిలో కరెంటు తీగలు ఒకచోట కిందకి జారినట్టు కనిపించాయి. లైన్‌మేన్ వచ్చి చాలా రోజులైందనుకున్నాడు. ఇంటి దగ్గర గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమే, ఈ ద్వారబంధానికి చెద పట్టినట్టుంది. మధ్యలో వంగింది."

భార్య పెద్దింట్లమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే అంది: "వంగింది ద్వారబంధం కాదు, మీ నడుం. లోపలికి రండి."

"నిజంగానే వంగిందే."

"ఇందాకే దానికి ఆనుకుని కూర్చున్నా. నా వీపుకి తెలీదా?" లేచి టీ గ్లాసు తెచ్చి అందించింది. ఆయన చెయ్యి గ్లాసు పక్కన గాలిని పట్టుకుంది. ఆమె గ్లాసును ఆ చేతిలోకి జరిపింది. చేట మళ్ళీ అందుకుంటూ అంది: "ప్రసన్నని బల్ల దించారంట కదా."

"నేను దించలేదు. అది అద్దిన అంచు దించింది."

"ఆ పిల్ల మొగుడికి లారీ దెబ్బ తగిలినప్పట్నుంచీ ఆ బల్లేగా ఆ ఇంటికి."

"నాకు తెలీదా? తెలిసి వంకరని తిన్నగా ఉందనమంటావా?"

"నేనేం అనమన్లేదు. టీ తాగండి, చల్లారిపోద్ది."

మర్నాడు మూడో బల్ల ఖాళీగా ఉంది. రెండు గీతల అంచు ఆర్డరు బందరు షోరూంకి వెళ్ళాల్సింది, అది జయకృష్ణ బల్ల మీదికి వచ్చింది. పదింటికి అతని మొదటి చీర భావనారాయణ చేతికి వచ్చింది. వేలు మీదుగా లాగాడు. గీతలు వేలు దగ్గర వంగాయి. ముడి వేశాడు. భోజనాల వేళకి రెండో చీర వచ్చింది. అదీ వంగింది.

"ఏంటి పెద్దాయనా," అన్నాడు జయకృష్ణ, "నిన్న ప్రసన్నది, ఇవాళ నాది. ఊరంతా వంకర పోయిందా ఏంటి?"

అందరూ నవ్వారు. జయకృష్ణ కూడా నవ్వాడు కానీ అక్కణ్ణుంచి కదల్లేదు. రెండో ముడి పడితే అతనూ దిగాలి. భావనారాయణ చీర కొస పట్టుకుని ఉన్నాడు. "తిని రండి. చూసి చెప్తా," అన్నాడు.

అందరూ డబ్బాలు తీసుకుని చింతచెట్టు కిందకి వెళ్ళారు. ఆయన మూడో బల్ల దగ్గరికి వెళ్ళి వంగి, తడుముతూ స్కేలు బయటికి లాగాడు. జయకృష్ణ అద్దిన చీరను బల్ల మీద పరిచాడు. గీత పక్కన స్కేలు ఆనించి చూశాడు.

స్కేలు వంగి ఉంది.

ఆయన స్కేలు తీసి, దాని అంచు మీద బొటనవేలు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపాడు. వేలికి ఎక్కడా గుంట తగల్లేదు. బల్ల మీద పెట్టి మొదలు వైపు చూశాడు. మొదలు వంగింది. చివర చూశాడు. చివర వంగింది, మొదలు సర్దుకుంది. ఎక్కడ చూస్తే అక్కడ వంగుతోంది. కుడి కన్ను అరచేత్తో మూశాడు. ఎడమ కంటికి బల్ల అంచులు కనిపించాయి, కిటికీ కనిపించింది, స్కేలు ఉన్న చోట మాత్రం మసి గుడ్డ వేసినట్టు ఉంది. అరచెయ్యి మార్చాడు. కుడి కంటికి స్కేలు కనిపించింది, వంగి.

జయకృష్ణ తిని వచ్చేసరికి చీర మడత పడి ఉంది.

"ముడెయ్యలేదే?"

"బాగానే ఉంది," అన్నాడు భావనారాయణ. పొద్దున వేసిన ముడి మీద కూడా ఆయన చేతులు పనిచేస్తున్నాయి. గోళ్ళతో విప్పుతున్నాడు.

శుక్రవారం భార్యాభర్తలు బస్సెక్కి బందరు వెళ్ళారు. కళ్ళ డాక్టరు పేరు జెనిఫర్. ముందు చుక్కల మందు వేయించింది, తర్వాత గడ్డం ఆనించే మిషను దగ్గర కూర్చోబెట్టి వెలుతురు వేసి చాలాసేపు చూసింది. ఆఖరున గళ్ళ కాయితం ఒకటి ఆయన ముందు పెట్టింది.

"మధ్యలో చుక్క కనపడుతోందాండీ?"

"చుక్కా? చుక్క లేదమ్మా."

"గళ్ళు ఎలా ఉన్నాయి?"

"మధ్యలో ఎవరో నొక్కేసినట్టున్నాయి. ఎవరు గీశారమ్మా దీన్ని? దీనికి ముడెయ్యాలి."

డాక్టరు పెద్దింట్లమ్మ వైపు చూసింది. "ఆయన పని అదేనమ్మా, ముళ్ళెయ్యడం," అంది పెద్దింట్లమ్మ. "శుక్లం అయ్యుంటదా? మా అక్కకి అదే. తీసేస్తే ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తోంది."

"శుక్లం కాదండీ. అదైతే తీసేసి లెన్సు పెట్టేదాన్ని." డాక్టరు తన అరచెయ్యి చాపి మధ్యలో వేలు పెట్టింది. "కంటి వెనక పొర ఉంటుంది. దాని మధ్యలో, ఇదిగో ఇంత చోటు, సూటిగా చూడ్డానికి పనికొస్తుంది. వయసు పైబడ్డాక కొందరికి సరిగ్గా అక్కడే పాడవుతుంది. ఎడమ కంట్లో ఎప్పుడో పోయింది. కుడి కన్ను లాక్కొస్తోంది కాబట్టి మీకు తెలీలేదు. ఇప్పుడు కుడి కంట్లోనూ మొదలైంది. పొర కింద నీరు ఊరుతోంది. అందుకే తిన్నగా ఉన్నవి వంగి కనపడుతున్నాయి."

"మందు?"

"కంట్లోకి ఇంజక్షన్లు వెయ్యాలి. విజయవాడ వెళ్ళాలి, ఒకసారితో అయ్యేది కాదు. చీటీ రాస్తాను. ఈ సోమవారమే వెళ్ళండి, వాయిదా వెయ్యొద్దు. ఉన్న చూపు నిలబడొచ్చు. పోయింది వస్తుందని మాత్రం చెప్పలేను."

"గుడ్డోణ్ణి అయిపోతానా అమ్మా?"

"చీకటి అయిపోదు. నడుస్తారు, అన్నం తింటారు. పక్కనున్నవి కనపడతాయి. సూటిగా ఎక్కడ చూస్తారో అక్కడే కనపడదు. మీరేం పని చేస్తారు?"

"తప్పులు పట్టే పని."

డాక్టరు రాస్తున్నది ఆపింది. మళ్ళీ రాయడం మొదలుపెట్టి అడిగింది: "వంకరగా కనపడ్డం ఎప్పట్నుంచి?"

"దసరా ముందు నుంచి ఉండొచ్చా?" అన్నాడు.

"మీకు తెలియాలి కదండీ."

"ఉండే అవకాశం ఉందా అని."

"ఉంది. లేకపోనూ వచ్చు. ఇప్పుడు చూసి చెప్పడం ఎవరివల్లా కాదు. ఏం, ఎందుకు?"

"ఊరికే."

తిరుగు బస్సులో పెద్దింట్లమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మందు వేసిన కళ్ళకి ఎండ తగలకుండా చెంగు ఆయన మొహానికి అడ్డం పట్టుకుంది. బస్సు బందరు దాటాక అడిగింది: "అంజి గురించేగా అడిగారు?"

దసరా ముందు అదే షెడ్డులో అంజి గళ్ళ దుప్పట్లు అద్దాడు. రెండు ముళ్ళు పడ్డాయి. కాలవ పనికి వెళ్ళనని అలిగి గుడివాడ వెళ్ళి రైసుమిల్లులో చేరాడు.

"ఆ," అన్నాడు.

"వాడివి నిజంగానే వంకరేమో."

"ఏమో."

"వాడు కుదురుగా అద్దే రకం కాదు. మీరే అనేవాళ్ళు."

"అనేవాణ్ణి. ఆ దుప్పట్లు ఇప్పుడెక్కడున్నాయే, చూడ్డానికి?" అన్నాడు. "ఉన్నా ఎవరు చూస్తారు?" ఆమె చెంగు రెండో చేతికి మార్చుకుంది.

శనివారం పొద్దున షెడ్డు తెరిచేసరికే వెళ్ళి మోహనకృష్ణ గదిలో నిలబడ్డాడు. చీటీ టేబుల్ మీద పెట్టాడు.

"బాబూ, ప్రసన్న అద్దిన అంచు తిన్నగానే ఉంది. వంకర నా కంట్లో ఉంది."

మోహనకృష్ణ చీటీ చదివాడు. లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ఎవరికన్నా చెప్పారా బాబాయ్?"

"ఇంటిదానికి తెలుసు."

"ఇంకెవరికీ చెప్పకండి."

"చెప్పకపోతే ఎట్టా? ఆ పిల్లని మళ్ళీ బల్ల ఎక్కించాలి కదా."

"కూర్చోండి ముందు." కుర్చీ లాగాడు. ఫోను తీసి ఒక ఫోటో తెచ్చి ఆయన ముందు పట్టాడు. "ఇది మీరే. కిటికీ దగ్గర కూర్చుని అంచు చూస్తున్నారు. దీన్ని పెట్టే ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. ప్రతి చీరా ఈ పెద్దాయన కంటి కింద నుంచి వస్తుందని రాశా. పైవారం హైదరాబాద్ నుంచి పార్టీ వస్తోంది. మీరు లేకపోతే వాళ్ళకేం చూపించను?"

భావనారాయణకి ఫోటోలో కిటికీ చట్రం కనిపించింది. పొద్దున్నుంచి కుడి కంట్లోనూ మసి కమ్ముతోంది; మనిషి ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"నాకు కనపట్టంలేదు బాబూ."

"కనపడక్కర్లేదు. మీరు ఎప్పట్లా వచ్చి కూర్చోండి. వేలు మీదుగా లాగండి. చూసేది జయకృష్ణ చూస్తాడు, మీ చెవిలో చెప్తాడు. విజయవాడకి నేను కారు పంపిస్తా. ఆ ఇంజక్షన్ల సంగతి కూడా నేను చూసుకుంటా. మీరు మా నాన్న మనిషి."

"నా చోటు వద్దు. నేను మానేస్తా. ఆ చోట్లో ప్రసన్నని పెట్టండి. దానికి కన్నుంది, చెయ్యుంది."

"మీ చోట్లో ప్రసన్నని కూర్చోబెడితే ఎవరు కొంటారు బాబాయ్?"

"పోనీ దాని బల్ల దానికివ్వండి."

మోహనకృష్ణ తలుపు తీశాడు. మూడో బల్ల ఉన్నచోట గోడకి చెక్క చట్రాలు ఆనించి ఉన్నాయి. బల్ల పెరట్లోకి వెళ్ళిపోయింది.

"స్క్రీన్లు వచ్చేశాయి, ఇంక వాటితోనే సగం అద్దకం. ఒకళ్ళని తగ్గించాలనుకుంటూనే ఉన్నా. ఎవర్ని తీసినా మాట పడాలి. ఈలోగా మీ ముడి పడింది." గొంతు తగ్గించాడు. "ఉన్నమాట చెప్పనా? ఆ రోజు అంచు నాకు తిన్నగానే కనపడింది బాబాయ్. మీరన్నాక ఇంకేం అంటాను?"

భావనారాయణ చీటీ వెనక్కి తీసుకున్నాడు. జేబులో పెట్టుకోబోతే చెయ్యి జేబు పక్కకి పోయింది. మోహనకృష్ణ చీటీ అందుకుని ఆయన జేబులో పెట్టి, పైన తట్టాడు.

కాలవ షెడ్డుకి కిలోమీటరు దూరం. ఉడికిన చీరలు అక్కడ పారే నీళ్ళలో ఝాడించి, గట్టు మీద గడ్డిలో ఆరేస్తారు. ప్రసన్న మోకాళ్ళ లోతులో నిలబడి ఉంది. చీర కొసను భుజం మీద నుంచి తిప్పి నీళ్ళ మీద కొడుతోంది. మిగతావాళ్ళు వంతెన అవతల ఉన్నారు.

"జాగర్త మావయ్యా, ఆ మెట్టు మీద పాచి ఉంది."

ఆయన కాలితో మెట్టును తడిమి దిగాడు. ఆఖరి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె దగ్గరికి వచ్చింది కానీ నీళ్ళలోంచి బయటికి రాలేదు. చేతులు నాని తెల్లబడి ఉన్నాయి.

"అమ్మాయ్, ఆ అంచు తిన్నగానే ఉంది. నా కన్నే చెడిపోయింది. నిన్న బందరులో చూపించుకున్నా."

"తెలుసు మావయ్యా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. ఆ సాయంత్రం మీరంతా వెళ్ళాక డబ్బా మర్చిపోయానని వాచ్‌మేన్‌తో చెప్పి లోపలికెళ్ళా. స్కేలు పెట్టి ముడి కాణ్ణించి ఆ కొస దాకా చూశా. ఎక్కడా తేడా లేదు. నా చూపే వంకర పోయిందేమో, చెయ్యి పడిపోయిందేమోనని భయమేసింది. చూసుకున్నాక ఇంక నిద్రపట్టింది."

"మరి అడగలేదేం?"

ఆమె చేతిలో చీరను పురి పెట్టి పిండింది. నీళ్ళు నీళ్ళలో పడ్డాయి.

"అడిగా కదా మావయ్యా."

వంతెన మీద ఆటో పోయిన చప్పుడైంది.

"బాబుతో మాట్లాడా," అన్నాడు చివరికి. "మూడో బల్ల తీసేశారు."

"అదీ తెలుసు. నిన్న జయకృష్ణ ఫోన్ చేశాడు."

"నేను మానేస్తానన్నా. వద్దన్నాడు. ఊరికే కూర్చోమంటున్నాడు."

"కూర్చోండి మరి. మీరు మానేస్తే నాకేమొస్తది?" పిండిన చీరను మెట్టు మీద పెట్టింది. "జయకృష్ణకి ముళ్ళేస్తారా?"

"వెయ్యను. ఇంకెవరికీ వెయ్యను."

"నిజంగా వంకరవి వస్తేనో?"

ఆమె మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

"అది ఉందా ఇక్కడ?" అన్నాడు.

ఏదని ఆమె అడగలేదు. గట్టు మీద కుప్పలోంచి ఒక చీర లాగింది. కొసన ముడి అలాగే ఉంది. నిన్ననే ఉడికి వచ్చింది. ఆయన ముడిని రెండు చేతుల మధ్య పెట్టుకుని గోళ్ళు దూర్చాడు. తడికి బిగుసుకుపోయి ఉంది. గోరు విరిగింది. ఆమె తీసుకుని, పళ్ళతో ఒక మడత పట్టి లాగి, విప్పింది. కొసను నీళ్ళలో ముంచి సాపు చేసింది.

"రంగు పట్టిందా?" అన్నాడు.

గీతల చుట్టూ అంచంతా అద్దిన పటిక ఉడికేటప్పుడు ఎర్రబారుతుంది. ముడి లోపలికి రంగు వెళ్ళదు.

ప్రసన్న కొస వైపు చూసింది. "పట్టింది మావయ్యా. బాగానే ఉంది."

"ఇలా ఇవ్వు."

ఇచ్చింది. ఆయన కొసను ఎడమ చేతి బొటనవేలు మీద పరుచుకుని మొహం దగ్గరికి తెచ్చుకున్నాడు. చూసినచోట మసి తప్ప ఏమీ లేదు. కొసను ఇంకా దగ్గరికి తెచ్చాడు. కనుబొమకి తడి తగిలింది.

అప్పుడు పక్కనున్నవి కనపడతాయన్న డాక్టరు మాట గుర్తొచ్చింది. చేతులు కదల్చకుండా మొహం వంతెన వైపు తిప్పుకుని, వంతెన పిట్టగోడను చూస్తూ ఉండిపోయాడు. కంటి కొసన మెల్లగా తన చెయ్యి తేలింది. చేతిలో ఎరుపు. ఎరుపు మధ్యలో పిడికెడంత తెలుపు, చుట్టూ చీలికలతో, తను బిగించినచోట బిగించినట్టే.

గీతలు తిన్నగా ఉన్నాయో లేదో మాత్రం తెలియలేదు. అంత సన్ననివి అటు నుంచి కనపడవు.

"బాగుందా మావయ్యా?" అంది ప్రసన్న. ఆమె చెయ్యి చీర కోసం చాచి ఉంది. ఇంకా కుప్ప చాలా ఉంది.

"బాగుంది," అన్నాడాయన వంతెన వైపే చూస్తూ, చీర ఇచ్చేశాడు.